ఆ ఎక్సెల్ షీట్ ఇక పంపను

సంక్రాంతి దాటిందంటే చాలు, నా వాట్సాప్‌కి ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "బ్రో, మార్చిలో పేరెంట్స్ వస్తున్నారు. నీ దగ్గర ఏదో షీట్ ఉందట కదా, ఒకసారి పంపవా?" ఉంది. 2018లో నేను తయారుచేసిన ఎక్సెల్ షీట్. పద్నాలుగు కాలమ్‌లు, నాలుగు రంగులు. హెర్న్‌డన్ నుంచి ఎన్ని మైళ్ళు, పార్కింగ్ ఎంత, దగ్గర్లో ఇండియన్ హోటల్ ఉందా, వాన పడితే ఎక్కడికి మళ్ళాలి, అన్నీ ఉంటాయి అందులో. నేను ఎవరికి పంపానో, వాళ్ళు ఇంకెవరికి పంపారో గానీ, ఒకసారి యాష్‌బర్న్‌లో ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీలో ఒకాయన నాకే ఆ షీట్ గొప్పతనం వివరించి, "కావాలంటే ఫార్వర్డ్ చేస్తానండీ" అన్నాడు. అబద్ధమెందుకు, ఆ రోజు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇకమీదట దాన్ని ఎవరికీ పంపకూడదనుకున్నాను. ఎందుకో చెప్పడానికే ఈ టపా. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి. టైపింగ్ నేను సొంతంగా నేర్చుకున్నదే, ఇప్పటికీ రెండు వేళ్ళతోనే కొడతాను. అంచేత ఇది చదవడానికి మీకు పట్టే టైముకి పదింతలు నాకు పట్టిందని గుర్తుంచుకుని మన్నించండి.

2018లో అమ్మానాన్న మొదటిసారి వచ్చారు. నాన్న నూజివీడులో స్కూల్ టీచర్‌గా చేసి 2013లో రిటైరయ్యారు, సోషల్ చెప్పేవారు. అమ్మకి అప్పటికే మోకాళ్ళ నొప్పులున్నాయి గానీ, నా షీట్‌లో ఉన్న పద్నాలుగు కాలమ్‌లలో ఆ సంగతి రాసుకునే కాలమ్ ఒక్కటీ లేదు. చెర్రీ పూలు ఏప్రిల్ మొదట్లో పూస్తాయని ఎక్కడో చదివి, ఆఫీసులో రిలీజ్ అయ్యాక సెలవు పెట్టుకోవచ్చని, డిసెంబర్లోనే ఏప్రిల్ 14కి టిక్కెట్లు కొన్నాను. ఆ ఏడాది పూలు ఏప్రిల్ 5న నిండుగా పూశాయి. వీళ్ళు దిగేసరికి చెట్లనిండా లేత ఆకులు, నేలమీద ఎండిన రేకులు. "బానే ఉన్నాయిరా" అన్నారు నాన్న, ఆకుల్ని చూసి.

పూలు పోతే పోయాయి, మిగతా షీట్ ఉందిగా! ఒక్క రోజులో వైట్‌హౌస్, వాషింగ్టన్ మాన్యుమెంట్, లింకన్ మెమోరియల్, జెఫర్‌సన్ మెమోరియల్, క్యాపిటల్, మధ్యలో రెండు మ్యూజియాలు. లింకన్ దగ్గర యాభై ఎనిమిది మెట్లు. అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఎక్కింది. మర్నాడు లూరే గుహలు. ఆ వారాంతం ఒక టూర్ బస్సులో న్యూయార్క్, నయాగరా, నాలుగు రోజులు, వెనక సీట్లు. నయాగరాలో మేం చేరేసరికి జలపాతం కిందికి తీసుకెళ్ళే పడవలు ఇంకా మొదలే కాలేదు. నదిలో ఐసు కరిగేదాకా వాటిని దించరట. అవతలి ఒడ్డున కెనడా వైపు నుంచి చూస్తే ఇంకా బాగుంటుందని అందరూ చెప్పేవాళ్ళే గానీ, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద విజిటర్ వీసాతో వచ్చిన మనిషి ఆ బ్రిడ్జి దాటాలంటే కెనడా వీసా కూడా ఉండాలని నాకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. నేను కనుక్కున్నదీ లేదు. గట్టుమీద నిలబడి పన్నెండు ఫొటోలు తీసుకుని బస్సెక్కాం.

తిరిగొచ్చిన రాత్రి మంచినీళ్ళ కోసం కిందికి దిగుతుంటే అమ్మ ఫోన్లో పిన్నితో మాట్లాడుతోంది. "కాళ్ళు వాచిపోయినయ్యే. తెచ్చుకున్న బిళ్ళలు కూడా అయిపోయినయ్. వాడితో చెప్పలేదులే, అంత ఖర్చు పెట్టాడు, నొప్పంటే బాధపడతాడు." నేను మెట్లమీదే ఆగిపోయాను. కిందికీ దిగలేదు, పైకీ వెళ్ళలేదు. మర్నాడు పొద్దున ఏమీ విననట్టే కాఫీ తాగాను. ఆ విషయం ఇప్పటిదాకా అమ్మకి చెప్పలేదు. ఇది చదివి ఎవరైనా చెబితే చెప్పనీండి.

తర్వాత 2020 మార్చి ఆఖరి వారానికి మళ్ళీ టిక్కెట్లు కొన్నాం. ఏమైందో మీకు తెలుసు. మార్చి 22 నుంచి ఇండియాకి విమానాలే ఆగిపోయాయి. ఆ తర్వాత మూడేళ్ళకి, 2023లో గానీ మళ్ళీ కుదరలేదు. ఈలోగా అమ్మ మోకాళ్ళు ఇంకా అరిగాయి. డాక్టర్ ఆపరేషన్ అన్నాడు. "అమెరికా వెళ్ళొచ్చి చేయించుకుంటా" అంది. అంటే తన లెక్కలో అదే ఆఖరి ప్రయాణం. పైకి అనలేదు, అంతే.

ఈసారి టిక్కెట్ల తారీఖులు నేను వెయ్యలేదు, మామిడికాయ వేసింది. నూజివీడు మనిషికి మే నెల అంటే ఆవకాయ నెల. "మే మొదటివారానికి ఇంట్లో ఉండాలిరా, కాయ ముదిరిపోతుంది" అని అమ్మ తేల్చేసింది. అందుకని మార్చి రెండో వారంలో వచ్చి మే 2న వెళ్ళిపోయేట్టు. ఇన్నాళ్ళూ వాతావరణం, విమానం రేట్లు, నా రిలీజ్ షెడ్యూల్ పెట్టుకుని చేసిన ప్లానింగ్ కంటే ఆ ఒక్క ఆవకాయ లెక్క బాగా పనిచేసింది. వసంతంలో అమ్మానాన్నల్ని పిలిచే ఎవరికైనా నా మొదటి సలహా ఇదే. వాళ్ళు ఎప్పటికి తిరిగి ఇంట్లో ఉండాలో ముందు కనుక్కోండి. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

ఇక పూల సంగతి. ఈ చెట్ల మీద కోపం తెచ్చుకుని కొంత చదివాను, తీరా చదివాక కోపం పోయింది. టైడల్ బేసిన్ చుట్టూ ఉన్న చెట్లని 1912లో టోక్యో మేయర్ యుకియో ఓజాకి బహుమతిగా పంపించాడు, మూడువేల ఇరవై. అంతకు రెండేళ్ళ ముందు పంపిన రెండువేల చెట్లకి తెగులూ పురుగూ ఉన్నాయని అమెరికావాళ్ళు తగలబెట్టేశారు. పంపినవాళ్ళు అలగలేదు, మళ్ళీ పంపారు! 1912 మార్చి 27న ప్రెసిడెంట్ టాఫ్ట్ భార్య హెలెన్, జపాన్ రాయబారి భార్య చిండా చెరొక మొక్కా నాటారు. 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన నాలుగు రోజులకి ఎవరో వచ్చి నాలుగు చెట్లు నరికేశారు కూడా.

పార్క్ సర్వీసువాళ్ళ లెక్కలో యోషినో రకం పూలు డెబ్భై శాతం విచ్చుకున్న రోజు పీక్ బ్లూమ్. అది ఎప్పుడొస్తుందంటే, 2013లో ఏప్రిల్ 9న, 2021లో మార్చి 28న, 2022లో మార్చి 21న, 2024లో అయితే మరీ మార్చి 17కే వచ్చేసింది. ఏ రోజని వాళ్ళు అంచనా చెప్పేది మార్చి మొదట్లో. మనం టిక్కెట్లు కొనేది డిసెంబర్లో. అంచేత పూల కోసం తారీఖు పెట్టుకోవడమంటే వాన కోసం పెళ్ళి ముహూర్తం పెట్టుకోవడమే. యోషినో తప్పిపోతే సుమారు రెండు వారాల తర్వాత క్వాన్‌జాన్ అని ముద్దమందారంలా రేకుల మీద రేకులున్న గులాబీరంగు రకం పూస్తుంది, పక్కనే ఈస్ట్ పొటోమాక్ పార్కులో. 2018లో మేం ఆకులు చూసి వెనక్కి తిరిగిన చోటుకి అది ఎంతో దూరం లేదు. నాకు తెలియదు. నా షీట్‌కీ తెలియదు.

2023లో ఉగాది మార్చి 22. పీక్ బ్లూమ్ మార్చి 23. ఇండియన్ స్టోర్లో దొరికిన ఎండు వేపపూత వేసి అమ్మ పచ్చడి చేసింది, చేదు సరిపోలేదని సణుక్కుంటూ. ఆ ఆదివారం టైడల్ బేసిన్‌కి వెళ్ళాం. హెర్న్‌డన్‌లో మెట్రో ఎక్కితే మారకుండా స్మిత్‌సోనియన్ స్టేషన్‌లో దిగొచ్చు. 2022 నవంబర్ 15న సిల్వర్ లైన్ మా ఊరిదాకా రావడం ఇక్కడి తెలుగువాళ్ళ అమ్మానాన్నలకి జరిగిన పెద్ద మేలని నా అభిప్రాయం. ఇళ్ళ రేట్ల గురించే తప్ప ఈ కోణంలో ఎవరూ మాట్లాడరు. చుట్టూ నడిస్తే రెండు మైళ్ళు. మేం నడవలేదు. నీళ్ళ దగ్గర గట్టుమీద దుప్పటి పరిచి కూర్చున్నాం. తెల్లటి పూలు, కింద నీళ్ళలో మళ్ళీ అవే పూలు, ఇసకేస్తే రాలనంత జనం. అమ్మ చాలాసేపు చూసి, "కాయలు కాస్తాయా?" అంది.

"కాయవమ్మా. పూల కోసమే పెంచుతారు."

"తినే కాయ కాయని చెట్టు కోసం ఇంతమందా!"

నాన్న మాత్రం చెట్లు తగలబెట్టిన కథ దగ్గరే ఆగిపోయారు. ఆ తర్వాతి వారం డల్లెస్ ఎయిర్‌పోర్టు పక్కన ఉడ్వర్-హేజీ సెంటర్‌కి తీసుకెళ్ళాను, మా ఇంటినుంచి పావుగంట. టిక్కెట్ లేదు, పార్కింగ్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. అందరూ డిస్కవరీ స్పేస్ షటిల్ దగ్గరికి పరిగెడతారు. 2006లో సునీతా విలియమ్స్ మొదటిసారి పైకి వెళ్ళింది అందులోనే. నాన్న వెండిలా మెరుస్తున్న ఇంకో విమానం ముందు నిలబడిపోయారు. ఎనోలా గే, హిరోషిమా మీద బాంబు వేసింది. ముప్పై ఏళ్ళు పదో తరగతి పిల్లలకి ఆ పాఠం చెప్పిన మనిషి. ఎంతసేపు నిలబడ్డారో తెలియదు. "ఆ పూలచెట్లు ఇక్కడికి ఎంత దూరంరా?" అని అడిగారు. "ముప్పై మైళ్ళ లోపే నాన్నా." "ఊఁ" అన్నారు. షీట్‌లో ఈ మ్యూజియానికి నేనిచ్చిన టైము యాభై నిమిషాలు.

అసలు నాకు బాగా గుర్తున్నది హోప్ డైమండ్ రోజు. న్యాచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంటుంది, నలభై అయిదున్నర క్యారెట్ల నీలం వజ్రం. 1958లో హ్యారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి ఇచ్చాడు. అమ్మని వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టాలి. స్మిత్‌సోనియన్ మ్యూజియాల్లో ఉచితంగానే ఇస్తారు, ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. కానీ, "నాకేం కాళ్ళు పడిపోయినయ్యా" అని అమ్మ మొండికేసింది. నేను బతిమాలాను, మా ఆవిడ బతిమాలింది. చివరికి నాన్న, "నేను తోస్తాలే, కూర్చో" అన్నారు. కూర్చుంది. నలభై ఏళ్ళ సంసారంలో ఆయన మాటకి ఆవిడ అంత తొందరగా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

వజ్రం ముందు ఎప్పుడూ గుంపే. వీల్‌చెయిర్ చూసి అందరూ దారిచ్చారు. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి ఇండియాలో కొన్న పెద్ద నీలం రాయిని రెండుసార్లు కోసి సానబెట్టగా మిగిలింది ఇది. గుంటూరు సీమలో కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిదని చెబుతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల రిజర్వాయర్ నీళ్ళకింద ఉంది. నేను ఇదంతా చెబుతుంటే అమ్మ వజ్రం వైపు కాకుండా నావైపు చూస్తోంది.

"మన కృష్ణ ఒడ్డుదేనా?"

"అదేనంటారమ్మా."

"మరి ఎవరూ అడగలేదా?"

వెనకాల నిలబడ్డ నాన్న గట్టిగా నవ్వేశారు. సెక్యూరిటీ ఆయన కూడా చూశాడు. ఆ తర్వాత ఇంకేమీ చూడకుండా కిందికెళ్ళి కాఫీ తాగి ఇంటికొచ్చేశాం. నా పాత లెక్క ప్రకారం ఆ రోజు "పూర్తి కాలేదు".

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ గురించి ఈ బ్లాగు చదివేవాళ్ళకి చెప్పకుండా ఉండలేను. పాస్‌పోర్ట్ చూపిస్తే రీడర్ కార్డు ఉచితంగా చేసిస్తారు, తెలుగు పుస్తకాలు అడిగి తెప్పించుకుని అక్కడే కూర్చుని చదువుకోవచ్చు. పీఎల్-480 కింద అమెరికా మనకి అమ్మిన గోధుమల డబ్బు రూపాయల్లో పోగుపడితే, అందులో కొంత పెట్టి 1962 నుంచి ఇండియాలో అచ్చయిన పుస్తకాలు కొని ఇక్కడి లైబ్రరీలకి పంపారు. "మేం స్కూల్లో తిన్న గోధుమరవ్వ ఉప్మా డబ్బులా!" అన్నారు నాన్న. ఆ ఉప్మా వేరు, అది ఊరికే ఇచ్చింది, ఇది అమ్మింది అని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన ఆ మధ్యాహ్నమంతా కదల్లేదు.

ఇక్కడ మీలో కొందరు అనబోయే మాట నాకు తెలుసు. మా కొలీగ్ ఒకడు అననే అన్నాడు. "అంత డబ్బు పోసి, రెండు విమానాలు మారి, ఇరవై నాలుగ్గంటలు కూర్చుని వస్తే, నయాగరా చూపించకుండా పంపిస్తావా? మళ్ళీ వస్తారో రారో!" నిజమే. తీసిపారేసే మాట కాదు. మా మామగారు అరవై ఎనిమిదేళ్ళ వయసులో వచ్చి నయాగరా, గ్రాండ్ కాన్యన్, అన్నీ తిరిగి, ఇంకా ఏముందని అడిగారు. ఆయనకి నా 2018 షీట్ ఇచ్చుంటే రెండు వారాల్లో అవగొట్టేవారు. కాబట్టి అందరి అమ్మానాన్నలూ ఇంట్లో కూర్చోవాలని నేననడం లేదు. అడగమంటున్నాను.

చిక్కేమిటంటే మనం అడిగే తీరుకి జవాబు రాదు. "ఎక్కడికి వెళ్దాం?" అంటే "నీ ఇష్టంరా" అంటారు. "ఇది చూస్తారా?" అంటే "నువ్వు చూపిస్తే చూస్తాం" అంటారు. వాళ్ళ దృష్టిలో ఆ ప్రశ్న వాళ్ళ సరదా గురించి కాదు, మన సెలవు గురించీ మన డబ్బు గురించీ. నేను కనిపెట్టిన దారి ఒక్కటే. ఇద్దర్నీ విడివిడిగా, ఎదుటివాళ్ళ గురించి అడగడం. "అమ్మ ఎంతదూరం నడవగలదు నాన్నా?" అంటే నాన్న నిజం చెబుతారు. "నాన్నకి ఏది విసుగమ్మా?" అంటే అమ్మ పెద్ద లిస్టే చెబుతుంది. తమ గురించి ఒక్కముక్క చెప్పని మనుషులు పక్కమనిషి గురించి మాత్రం మిల్లీమీటర్‌తో సహా చెబుతారు.

ఇంకో మాట కూడా అనాలి, కొందరికి నచ్చకపోవచ్చు. మనం చూపించే చోట్లలో సగం వాళ్ళ కోసం కావు. లిబర్టీ విగ్రహం ముందు అమ్మానాన్న నిలబడ్డ ఫొటో స్టేటస్‌లో పెడితే ఊళ్ళో నలుగురూ చూడాలి. కొడుకు బాగా చూసుకుంటున్నాడని తెలియాలి. నేనూ పెట్టాను, వంద లైకులు వచ్చాయి. ఆ ఫొటోలో అమ్మ ఒక కాలిమీదే బరువు వేసి నిలబడిందని ఐదేళ్ళ తర్వాత చూసుకున్నాను.

2023లో వారానికి రెండే బయటి ప్రయాణాలు పెట్టుకున్నాం. ఒకటి పావుగంట దూరంలో, ఒకటి కాస్త దూరంగా, రెండూ వరసగా కాకుండా. మిగతా రోజులు ఖాళీ. ఆ ఖాళీ చూసి మొదట్లో నాకు చెమటలు పట్టాయి. మీటింగుల మధ్యలో వెళ్ళి "బోర్ కొడుతోందా?" అని అడిగేవాణ్ణి. వాళ్ళు పొద్దున్నే డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్ మీద హెర్న్‌డన్ పాత డిపో దాకా నడిచి, అక్కడ బెంచీ మీద కూర్చుని వచ్చేవారు. ఒకప్పుడు రైలు తిరిగిన దారి అది. పట్టాలు తీసేసి నలభై అయిదు మైళ్ళు తారురోడ్డు వేశారు, ఎత్తుపల్లాలు పెద్దగా ఉండవు, మోకాళ్ళకి మంచిది. నాన్నకి ఏప్రిల్ పుప్పొడి పడక తుమ్ములు. అయినా మానలేదు.

ఏప్రిల్లో ఒక బుధవారం పొద్దున నాకు వరసగా కాల్స్. పన్నెండున్నరకి వంటింట్లోకొస్తే ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఫ్రిజ్ మీద కాగితం. నాన్న చేతిరాత, బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా. "మేము మెట్రోలో చెరువు దగ్గరకు వెళ్తున్నాము. ఐదింటికి వస్తాము. నువ్వు పని చూసుకో."

ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాతి కాల్‌లో ఎవరేం మాట్లాడారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. మళ్ళీ చేస్తే ఎత్తారు. "ఏంరా? ఇక్కడే ఉన్నాం, పులిహోర తింటున్నాం" అన్నారు నాన్న. రైల్లో తినకూడదని బోర్డు చదివి, దిగేదాకా డబ్బా తెరవలేదట. అప్పటికి పూలన్నీ రాలిపోయాయి, చెట్లకి ఉత్త ఆకులే, 2018లో చూసినట్టే. మీటింగు వదిలేసి వచ్చేస్తానన్నాను. "నువ్వెందుకు?" అంది వెనకనుంచి అమ్మ గొంతు.

ఐదింటికి రాలేదు, ఐదున్నరకొచ్చారు. నేను స్టేషన్ దగ్గరే కారులో కూర్చున్నాను. ఏం చూశారని అడిగాను.

"ఏం చూళ్ళేదు. కూర్చున్నాం" అంది అమ్మ.

పెళ్ళయిన నలభై ఏళ్ళలో వాళ్ళిద్దరే కలిసి ఒక ఊరెళ్ళింది లేదని ఆ రాత్రి మాటల్లో తెలిసింది. తిరుపతి వెళ్తే నాన్నమ్మతో, హైదరాబాద్ వెళ్తే ఎవరో ఒకరి పెళ్ళికి, అమెరికా వస్తే నాతో. ఆ తర్వాత తిరుగు ప్రయాణం లోపు మూడు బుధవారాలొచ్చాయి. మూడుసార్లూ వెళ్ళారు. నేను మళ్ళీ ఏం చూశారని అడగలేదు.

మొన్న అడిగిన కుర్రాడికి షీట్ పంపలేదు. ఫోన్ చేసి, వాళ్ళ అమ్మగారు ఆగకుండా ఎంతసేపు నడుస్తారని అడిగితే, "ఏమో, కనుక్కుంటానండీ" అన్నాడు. రాత్రికి మెసేజ్ పెట్టాడు, పదిహేను నిమిషాలట, నాన్నగారు చెప్పారట. "మరి నాకు ఆఫీసు ఉన్న రోజుల్లో ఏం ప్లాన్ చెయ్యమంటారు?" అని కింద ఇంకో లైను. రెండు మెట్రో కార్డులు కొనిపెట్టమన్నాను.